పిలిస్తే పలకని అక్క

మొన్న మదనపల్లెలో నా మనవరాలిని నరాల డాక్టరుకు చూపించడానికి పోతూ కోడలు నన్నూ వెంటబెట్టుకుపోయింది. పిల్ల బడిలో పెన్ను జారవిడిచి గోడకేసి చూస్తూ ఉండిపోతోందని, పిలిచినా పలకడం లేదని టీచరమ్మ ఫోన్ చేసిందట. ఆ డాక్టరమ్మకు మా కోడలి వయసే ఉంటుంది. మూర్ఛ అంటే కిందపడి కొట్టుకోవడం ఒక్కటే కాదని, చూపు నిలబడిపోయి అంతలోనే తేరుకునే రకం ఒకటుందని, మెదడులో ఒక మూల మొదలయ్యేది ఇంకొకటుందని చెప్పింది. ఆ రెండో రకంలో ముందు కడుపులో తిప్పినట్టో, లేని వాసన తగిలినట్టో ఒక సూచన వస్తుందని, ఆ వెనక చూపు బిగుసుకుపోయి నోరు ఊరికే నములుతుందని, వేళ్ళు బట్టను పీకుతాయని, చివర్న మగత కమ్మి జరిగిందేదీ గుర్తుండదని నెమ్మదిగా వివరించింది. కొందరికి మాడిన వాసన వస్తుందని ఆమె అన్నాక మిగతాదేదీ నాకు వినబడలేదు.

నా యీడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు ఆ జబ్బుకు కాకిసొమ్మ అని ఒకటే పేరు. మనిషి పడిపోయి నురగ కక్కితేనే సొమ్మ. చేతిలో తాళాల గుత్తి పెట్టి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపి పట్టుకుంటే మన వైద్యం అయిపోయేది. పుంగనూరులో మా అక్క ఒక్కనాడూ పడిపోలేదు. ఏదో మాడుతోందని అక్క అనేది, అమ్మ వంటింట్లోకి ఉరికేది, పాలు పాలలాగే ఉండేవి, అమ్మ తిరిగొచ్చేసరికి అక్క పైటకొంగు పీక్కుంటూ నోట్లో ఏమీ లేకుండానే నములుతూ ఎటో చూస్తుండేది. మా ఇంట్లో దానికి పరాకు అని పేరు. నాయన ఆమెను పరాకు మహారాణి అని ఆటపట్టిస్తే అందరం నవ్వేవాళ్ళం, అక్క కూడా మాతో పాటే నవ్వేది.

కుప్పంలో కూరగాయల వ్యాపారం చేసే వాళ్ళింటికి అక్కను ఇచ్చారు. పుట్టింట్లో పరాకు అయింది అత్తింట్లో పొగరు అయింది. అత్తను తప్పుపట్టలేను, పెరట్లోంచి కేకేస్తే కోడలు కళ్ళలోకి సూటిగా చూస్తూ, నోరు నములుతూ, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు. ఏడాది తిరక్కుండానే అక్కను వెంటబెట్టుకుని పెద్దమనుషులతో మా ఇంటికి వచ్చారు. ఇకమీదట పిలిస్తే పలుకుతానని నోటితో ఒక్క మాట అంటే చాలు, ఈ పూటే తీసుకుపోతామని ఒక పెద్దాయన మంచిగానే అన్నాడు. బావ తలెత్తి ఆశగా చూశాడు. అక్క నోరు తెరిచి, ఏదో మాడుతోందంది. అమ్మ అలవాటుగా లేచి వంటింట్లోకి పోయింది. అక్క చూపు ఆ పెద్దాయన మొహం మీదే నిలిచిపోయింది, దవడలు ఆడుతున్నాయి, వేళ్ళు కొంగును పీకుతున్నాయి.

అత్త ఒక్కతే మాట్లాడింది. "సూడండప్పా, పెద్దోళ్ళు అడగతాంటే ఎట్ల నమలతాండాదో. ఇది పొగరు కాకపోతే ఏంది?"

అక్క తెలివిలోకి వచ్చేసరికి వాళ్ళు లేచిపోయి చెప్పులు వేసుకుంటున్నారు, అప్పుడే ఏంటికి పోతాండారని నన్ను అడిగింది. తర్వాత బావకు వేరే పెళ్ళయింది, అక్క పుంగనూరులోనే మా తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది.

డాక్టరమ్మ మాట విన్న మర్నాడు బస్సెక్కి అక్క దగ్గరికి పోయాను. దారి పొడవునా ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు, ఏమీ అనిపించలేదు. అక్క చేటలో కందిపప్పు ఏరుకుంటోంది. పక్కన కూర్చుని, నీది పొగరు కాదంట అక్కా, సొమ్మలోనే అదొక రకమంట, మాత్రలు మింగింటే తగ్గేదంట అని చెప్పాను.

"ఔనా మే," అంది. కాసేపు చేతులు ఆపింది. "నాకు ఆ పొద్దు ఏమీ తెలీదు కదా. సూసినోళ్ళు మీరంతా పొగరంటిరి. నేనూ పొగరే అనుకుంటి."

మళ్ళీ పప్పు ఏరుకోవడంలో పడింది.

ఇప్పుడు నా మనవరాలు టిఫిన్ తర్వాత మాత్ర వేసుకుని బడికి పోతోంది. దాని చూపు నిలిచిపోతే పక్కన కూర్చునే పిల్ల చెయ్యి పట్టుకుని, తేరుకునేదాకా ఊరుకుంటుందట, అంతే, అక్కడ ఎవరూ దాన్ని ఒక్క మాటా అనరట. కాలం మంచిదే అయింది, కాదనను. మా ఇంట్లో అందరిలోకీ అక్కే మెత్తటి మనిషి అని, ఎవరేమన్నా తలొంచుకుని పోతుందని, ఇన్నేళ్ళూ మేమే పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాం. లేని పొగరును అణచుకుంటూ అక్క అట్లా బతికిందని ఇప్పుడు తెలిసింది.