నేను ముట్టుకున్న కంప్యూటర్

మా అన్న దగ్గర ఒక కథ ఉంది. పెళ్ళి భోజనాల్లో పక్కన ఎవరు కూర్చున్నా అది చెప్పకుండా చెయ్యి కడుక్కోడు. "మా చెల్లె చెయ్యి పెడితె కంప్యూటర్ సుత సచ్చిపోతది" అని మొదలుపెడతాడు. మగవాళ్ళుంటే అక్కడితో ఆపి కన్ను కొడతాడు. ఆడవాళ్ళుంటే మిగతాది వదిన పూర్తి చేస్తుంది. పద్నాలుగేళ్ళప్పుడు నేను ముట్టులో ఉండి దసరా పూజకు పెట్టబోయే కంప్యూటర్‌ను ముట్టుకున్నానని, అమ్మవారికి కోపమొచ్చి అది ఆగిపోయిందని. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

కంప్యూటర్ అంటే ఇప్పటివాళ్ళు అనుకునేది కాదు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, నోటుబుక్కు అంత ఉంటుంది. పైన రబ్బరు మీటలు, వాటి కిందే మొత్తం కంప్యూటర్. తెర ఉండదు, ఇంట్లో టీవీకి తగిలించాలి. ప్రోగ్రాములను పాటల క్యాసెట్ మీద దాచుకుని, టేప్ రికార్డర్‌తో మళ్ళీ ఎక్కించాలి. ఐదు నిమిషాలు కీచుమని అరిచి అరిచి, ఒక్కోసారి సరిగ్గా చివర్లో ఆగిపోయేది. బొంబాయిలో ఉండే మా మేనమామ దాన్ని అన్న కోసం తెచ్చాడు. అన్న కోసం. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో! అన్న దాని మీద వారం రోజులు బంతి ఆట ఆడి విసిగిపోయాడు. పుస్తకంలోని ప్రోగ్రాములను ఒక్కో వరుసా కొట్టి, ఎక్కడ కామా తప్పిపోయిందో వెతికి, వాటిని నడిపించింది నేను. అష్టాచమ్మా ఆటను గవ్వలతో సహా దానిలోకి ఎక్కించాలని ఎండాకాలం సెలవుల నుంచి కూర్చున్నాను. గవ్వలు వెయ్యడం కుదిరింది. కాయలు గడులు తిరగడం కుదిరింది. ఒకరి కాయను ఒకరు చంపడం మాత్రం ఎంతకీ కుదరలేదు.

మాది వరంగల్ బజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. దసరాకు దుకాణం పనిముట్ల పూజ ఇంట్లోనే చేసేవాళ్ళు. కాంటా, తూకం రాళ్ళు, కత్తెరలు, అన్నిటినీ తుడిచి హాల్లో పీటల మీద వరుసగా పెట్టేవాళ్ళు. ఆ ఏడాది బాపు కంప్యూటర్‌ను కూడా తెచ్చి కాంటా పక్కన పెట్టించాడు. మా బజారులో ఇంకెవరి పూజలోనూ కంప్యూటర్ లేదని ఆయనకు గొప్ప. అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి, కొబ్బరికాయ నీళ్ళు చెంబులో పట్టి మామిడాకుతో చల్లేవాళ్ళు. పూజైన సామానును మరునాటి దాకా ఎవరూ కదపకూడదు. పనిముట్లకు ఏడాదికి ఆ ఒక్కరోజే విశ్రాంతి అనేవాడు బాపు.

ఆ పూజలో నేను లేను. ముట్టు రెండో రోజు. వెనక గదిలో చాప మీద కూర్చున్నాను. గంట వినబడింది, వాకిట్లో బాపు గుమ్మడికాయ కొట్టిన చప్పుడు వినబడింది. మరునాడు సాయంత్రం అన్న కంప్యూటర్‌ను టీవీకి తగిలించి స్విచ్ వేస్తే, తెర నిండా ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు వచ్చాయి. కాసేపటికి కాలిన వాసన. అది మళ్ళీ లేవలేదు. బాపు ఇంట్లోవాళ్ళందరినీ నిలబెట్టాడు.

"ఎవలు ముట్టుకున్నరు దీన్ని?"

ఎవరూ నా పేరు చెప్పలేదు. నేనే చెప్పాను. పూజకు ముందురోజు మధ్యాహ్నం, అందరూ దుకాణంలో ఉన్నప్పుడు, ముట్టు మొదలైందని తెలిసి కూడా, కాయను చంపే సంగతేదో తేల్చుకుందామని గంటసేపు దాని ముందు కూర్చున్నాను. ఆ సంగతి అమ్మవారికి తెలిసిపోయిందనుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంకేం తోస్తుంది? "నేనే ముట్టుకున్న బాపూ, దూరమున్నప్పుడు" అన్నాను. మా మేనత్త "అయ్యో, ఎంత పని జేస్తివే!" అని నోరు నొక్కుకుంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

బాపు కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "ఇగ నువ్వు కంప్యూటర్ల జోలికి పోవద్దు" అన్నాడు, అంతే. నా ఆట ఉన్న క్యాసెట్ మీద మేనత్త భజనలు ఎక్కించుకుంది. రెండేళ్ళకు అన్నకు ఇంకో కంప్యూటర్ కొన్నారు, అది ఉన్న గదికి తాళం వేసేవాళ్ళు. ఇంటర్‌లో లెక్కలు తీసుకుంటానంటే కామర్స్ చాలన్నారు. హన్మకొండలో కంప్యూటర్ కోర్సులు కొత్తగా పెట్టినప్పుడు నా క్లాసు పిల్లలు ఇద్దరు చేరారు. చేరతానని నేను ఇంట్లో అడగను కూడా లేదు. నా కడుపు మండేది అక్కడే. అడగలేదు! నా చేతిలో ఏదో దోషం ఉందని నేనే నమ్మాను. సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి ఇరవై ఏడేళ్ళయింది. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను. అయినా ఆ మూడు రోజుల్లో అది ఎప్పుడు మొరాయించినా నా గుండె ఝల్లుమనేది. డిగ్రీ చదివిన ఆడదాన్ని, ఎవరికైనా చెప్పుకుంటే పరువు పోతుంది.

నలభై ఐదు దాటాక పాత కంప్యూటర్లు పోగుచేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆరున్నాయి, రెండు నడుస్తాయి, నాలుగు బీరువా కింద వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. మా ఆయన వాటిని "నీ డబ్బాలు" అంటాడు. ఈ పాత మెషీన్లను ఇప్పుడు కొత్తగా కూడా తయారుచేస్తున్నారు. చూడటానికి అవే రబ్బరు మీటలు, అదే నల్ల డబ్బా. లోపల మాత్రం ఈ కాలపు చిప్పు ఉంటుంది, అది అచ్చం పాత చిప్పులాగే నడుచుకుంటుంది. క్యాసెట్ బదులు గోరంత మెమరీ కార్డు. అలాంటిదొకటి తెప్పించుకుంటే, అమ్మినవాడు ఫోన్ చేసి "బాబు కోసమా మేడమ్?" అన్నాడు. నాకే అన్నాను. "ఒకసారి సార్‌కు ఇవ్వండి, సెట్టింగులు చెప్తాను" అన్నాడు. సార్ అప్పుడు హాల్లో గుర్రు పెడుతున్నాడు. సార్‌కు రిమోట్‌లో బ్యాటరీలు వెయ్యడం రాదు. అమ్మిన ఆ మహానుభావుడికి తెలియని సెట్టింగులు నాలుగు నేనే చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొత్తది చక్కగా నడిచింది. పాత అక్షరాలు, పాత రంగులు, అన్నీ ఉన్నాయి. అయినా నాకు కావలసింది అది కాదని మొదటి రోజే తెలిసింది. నాకు మా ఇంటి డబ్బా కావాలి. అది ఎందుకు చచ్చిందో చూడాలి. నా వల్ల కాదని బుద్ధికి తెలుసు, కానీ కళ్ళారా చూస్తే తప్ప నా ఒంటికి నమ్మకం కుదిరేలా లేదు.

పోయిన ఏడు అన్న ఇంటి మీద అంతస్తు వేస్తూ సజ్జ మీది సామానంతా దింపిస్తున్నాడని తెలిసి పోయాను. దేవుని ముందు పెట్టిన వస్తువని బాపు దాన్ని కబాడీకి వెయ్యనివ్వలేదు. పాత ధోవతి ముక్కలో మూటగట్టి ఉంది. బాపు పోయి తొమ్మిదేళ్ళయింది. పోయేదాకా అది నా వల్లే పాడైందనుకున్నాడు.

"తీస్కపో" అన్నాడు అన్న. "నువ్వే ఖరాబ్ జేసినవ్, నువ్వే బాగు జేస్కో." పక్కనున్న మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. ఆయనకూ కథ చెప్పేశాడన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పేపరు పరిచి మరలు విప్పాను. రబ్బరు మీటల పట్టా లేవలేదు, అంటుకుపోయింది. కత్తి మొన పెట్టి మెల్లగా లేపాను. కింద గోధుమరంగు మరక, బెల్లం పాకం ఎండినట్టు. ఆ మరకలో రెండు బియ్యపు గింజలు, పసుపు ఇంకా పోలేదు. ఆ కిందున్న బోర్డు మీద సన్నటి రాగి దారులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక చిప్పు కాళ్ళను చిలుము పూర్తిగా తినేసింది.

రాగి, ఇత్తడి మధ్య పుట్టి పెరిగినదాన్ని, చిలుము గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొబ్బరినీళ్ళున్న చెంబును కడగకుండా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అలా వదిలేసినందుకు బాపు పనివాళ్ళను ఎన్ని మాటలనేవాడో కూడా తెలుసు. మామిడాకుతో చల్లితే చుక్కలు పడతాయి. ఇవి చుక్కలు కావు. ఎవరో చెంబుకు చెంబు ఒలకబోసి, పైపైన తుడిచి, ఏమీ ఎరగనట్టు పెట్టేశారు. పూజైన సామానును కదపకూడదు కాబట్టి ఆ నీళ్ళు ఒక రాత్రి, ఒక పగలు లోపలే నిలిచాయి. మరునాడు అన్న దానికి కరెంటు ఇచ్చాడు. జరిగింది అది. అమ్మవారికి దానితో సంబంధం లేదు, నాకూ లేదు.

ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట. ముప్ఫై ఎనిమిదేళ్ళు! బోర్డును సంచిలో వేసుకుని, గింజలను కాగితంలో పొట్లం కట్టుకుని, ఆటో ఎక్కి అన్న ఇంటికి పోయాను. అన్న, వదిన టీవీ చూస్తున్నారు.

"కొబ్బరినీళ్ళు పోసింది నువ్వా, బాపా?" అన్నాను గుమ్మంలోనే.

"ఏందే, లోపలికన్న రావా? పిచ్చి గిట్ల లేసిందా?"

"పోసిందెవలో జెప్పు ముందుగాల."

బోర్డును ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయనా ఆ దుకాణంలో పెరిగినవాడే. చిలుమును వేలితో రుద్ది చూసుకున్నాడు, ముఖం మారింది. "నేను, బాపు బయట గుమ్మడికాయ కాడున్నం" అన్నాడు గొంతు తగ్గించి. "లోపల నీళ్ళు చల్లింది అమ్మ."

"మరి ఇన్నేండ్లు నా మీద కథ జెప్పుకుంట తిరిగినవ్ గదా."

"సరదాకు జెప్పిన గదనే."

"నీ సరదాల మన్నువడ" అని అమ్మ గదిలోకి పోయాను.

అమ్మ అన్న దగ్గరే ఉంటుంది. ఎనభై రెండేళ్ళు. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మా మాటలన్నీ వినబడే ఉంటాయి, తలెత్తలేదు. గింజల పొట్లం విప్పి ఆమె అరచేతిలో పోశాను. చూపు సరిగా ఆనదు, బొటనవేలితో తడిమింది.

"చెంబు జారింది బిడ్డా" అంది. ఆ మాట ఎప్పటినుంచో నోట్లోనే ఉన్నట్టు అనేసింది. "కొంగుతోని తుడిచిన. మీద పువ్వువెట్టిన. ఎండిపోతదనుకున్న."

"మరి బాపు నిలవెట్టి అడిగినప్పుడు?"

"చెప్దామనే గుమ్మంలకొచ్చిన. అంతల నువ్వే ఒప్పుకుంటివి."

"ఒప్పుకుంటె? చిన్నపిల్ల తెల్వక ఒప్పుకుంటె నువ్వు చూసుకుంట నిలవడ్డవా?"

"పూజల చెంబు ఒలికిందంటె మీ బాపు నన్ను బతకనిచ్చునా? ఆ ఏడు దుకాణంల ఏ నష్టమొచ్చినా నా నెత్తికే చుట్టు. నువ్వంటె పిల్లవు. రెండు దినాలల్ల మర్శిపోతవనుకున్న."

అప్పుడు అరిచాను. అమ్మ మీద నా జీవితంలో అలా అరవలేదు. తాళం వేసిన గది గురించి, చదవని లెక్కల గురించి, ఆఫీసులో నా గుండె ఝల్లుమన్న రోజుల గురించి, అన్నీ అరిచాను. వదిన గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "నీ అన్న ఆ కథ ఎత్తుకున్నప్పుడల్ల నేను లేసి లోపలికి పోయేదాన్ని బిడ్డా" అంది.

"లేసి పోవుడెందుకు? నోరు తెర్వకపోయినవా?"

ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. బాపు సంగతి నాకూ తెలుసు. అర్థమైనంత మాత్రాన కోపం పోతుందని ఎవరన్నారో వాళ్ళను నా ముందుకు రమ్మనండి.

డబ్బా బాగు కావడానికి ఐదు ఆదివారాలు పట్టింది. బోర్డును స్పిరిట్‌తో కడిగి, చిలుమును పాత టూత్‌బ్రష్‌తో గీకాను. పోయిన రాగి దారుల బదులు వెంట్రుకంత తీగలు అతికించాను. చెడిన చిప్పు స్థానంలో ఈ మధ్య కొత్తగా చేస్తున్న చిప్పు కూర్చోబెట్టాను. మీటల కింది పొర కూడా కొత్తదే. ఐదో ఆదివారం టీవీకి తగిలిస్తే తెల్లటి తెర వచ్చింది, కింద మూలన అక్షరాలు వచ్చాయి. నేను పనిచేస్తుంటే మా ఆయన మూడుసార్లు టీ అడిగాడు, మూడోసారి తనే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. క్షమించమని అడుగుతుందని ఆశపడ్డానేమో. మంచం పక్కన కూర్చుని, బాగైందని చెప్పాను.

"నడుస్తాందా?"

"నడుస్తాంది."

అమ్మ ముఖం వెలిగిపోయింది. పెద్ద బరువు దింపుకున్నట్టు గోడకు చేరగిలబడింది. "ఇంకేంది మరి? మంచిగైంది గద" అంది. "అయిపాయె. ఇగ ఊకో బిడ్డా." చెయ్యి చాపి నా తల నిమరబోయింది.

నేను తల వెనక్కి తీసుకున్నాను.

"ఊకోనమ్మా" అన్నాను.