వడగండ్లలో నా పెళ్లి

నా పెళ్లి ఎనభైల చివర, రోహిణి కార్తెలో జరిగింది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. హుజూర్‌నగర్‌కు ఆరేడు మైళ్ల దూరంలో మా ఊరు. బాపుకు గొర్లమంద, రెండెకరాల చెలక ఉండేవి. ఇంట్లో రెండు గదులే కాబట్టి ఇంటి ముందరి ఖాళీ జాగాలో పెళ్లి పెట్టుకున్నాం. వేపమండలతో పందిరి వేశారు. అది చాలదని టౌను నుంచి షామియానా కిరాయికి తెచ్చి, పక్కనే ఇనుప పైపులకు కట్టారు. ఆ చివర గోడవారగా పెళ్లివంట పొయ్యిలు.

వంట మా మేనత్త చేతిలో ఉంది. ఆమె బాపుకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. అమ్మ కూలికి పోతే నన్ను సాకింది ఆమే. భర్త లేనిదని పీటల దగ్గరికి రావద్దన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వింది.

“తలంబ్రాలు చూడకపోతే ఏమాయె బిడ్డా? నీ పెండ్లి బువ్వ నా చేతుల మీద ఉడుకుతాంది. గది చాలు నాకు.”

ముహూర్తం పన్నెండింటికి. పెళ్లికొడుకు వాళ్ల లారీ దారిలో ఆగిపోయి, మూడు దాటాక వచ్చింది. అప్పటికే పడమట నల్లగా మబ్బు పట్టింది.

“జర జల్ది కానియ్యి అయ్యగారూ, గాలి మబ్బు గిది,” అని బాపు పంతులును తొందరపెట్టాడు.

అడ్డుతెర పట్టారు. నా చెయ్యి అతని నెత్తిన, అతని చెయ్యి నా నెత్తిన, చేతుల కింద జీలకర్ర బెల్లం. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. దుమ్ముకు కళ్లు మూసుకున్నాను. వేపమండలు విరిగి భుజాల మీద పడ్డాయి. షామియానా పైపులతో సహా లేచి పొయ్యిల మీదికి కూలింది. ఒక ఆడమనిషి అరిచింది. ఆ వెనకే వడగండ్లు మొదలయ్యాయి.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. తల ఎత్తబోతే అమ్మ వెనక నుంచి నా మెడ వంచి పట్టుకుంది.

“చెయ్యి తియ్యకు బిడ్డా.”

“అత్త గదా అరిచింది?”

“కాదు. గుండిగ బోర్లపడ్డది, గంతే. చెయ్యి తియ్యకు.”

నేను తియ్యలేదు. మమ్మల్ని అట్లాగే వంగి ఉండగానే లోపలి గదిలోకి నడిపించారు. తడి బట్టలతో, ఒకరి మీద ఒకరు పడే ఇరుకులో తాళి కట్టించారు. అప్పగింతలప్పుడు బాపు లేడు. మేనత్త లేదు. అడిగితే, “తడిసింది, చీర మార్చుకుంటాంది,” అంది అమ్మ. రెండోసారి నేను అడగలేదు.

వాన వెలిశాక లారీ ఎక్కాం. ఊరు దాటి రెండు మైళ్లు పోకముందే లారీ ఆగింది. పెద్ద తుమ్మచెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. దాని ముందు మా ఊరి ట్రాక్టర్. ట్రాలీలో బాపు కూర్చుని ఉన్నాడు. అతని ముందు పరిచిన బొంత మీద మేనత్త.

దిగబోయాను. “పెండ్లిబట్టలతోని గక్కడికి పోవద్దు,” అంది పెళ్లికొడుకు తల్లి. నేను దిగాను. గుండిగలో మసులుతున్న పప్పుచారు ఆమె ఛాతీ మీద, చేతుల మీద పడింది. చేతుల తోలు ఊడి వేలాడుతోంది. పట్టుకుందామంటే ఎక్కడా జాగా లేదు. ఆమె తెలివిలోనే ఉంది.

“కట్టిండా బిడ్డా?”

“కట్టిండు అత్తా.”

“ఇంక పో. నా దగ్గర నిలబడకు.”

మా ఆయన గొడ్డలి అందుకుని మిగతా మగవాళ్లతో కలిసి చెట్టు నరికాడు. దారి దొరికేసరికి పొద్దు గూకింది. ట్రాక్టర్ దవాఖానకు మళ్లింది, మా లారీ కోదాడ దారిన పోయింది.

మూడోనాడు కబురొచ్చింది. కొత్త జంట శవాన్ని చూడగూడదని నన్ను ఆపేశారు. ఎంత ఏడ్చినా పంపలేదు. ఆయన మాత్రం తల్లి మాట వినకుండా సైకిల్ మీద పోయి, మట్టి చేసి వచ్చాడు. బావి దగ్గర స్నానం చేస్తుంటే తువ్వాల తీసుకుపోయాను. పెళ్లయ్యాక ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

“గా అరుపు నీకు ఇనబడ్డదా?”

చేద గట్టు మీద పెట్టి నా వైపు తిరిగాడు.

“ఇనబడ్డది. చెయ్యి తియ్యొద్దన్నరు.”

తువ్వాల ఇచ్చాను. ఆ పూట ఇద్దరమూ అన్నం ముట్టలేదు. తెల్లారి ఆయన చెలకకు పోయాడు, నేను పేడకళ్లు తీయడానికి కొట్టంలోకి పోయాను.