పిస్టల్‌కి ఆయుధపూజ

మా బాబాయి కాలేజీ రోజుల్లో పోటీల్లో కాల్చిన ఎయిర్ పిస్టల్ ఏళ్ల తరబడి ఆమదాలవలసలో మా ఇంటి అటక మీద పడి ఉంది. నేను అడిగితే "తుప్పుముక్క, అట్టుకుపోరా" అని ఇచ్చేశాడు.

స్ప్రింగు మార్చాను. గాలి నిలిపే తోలు వాషరు కొత్తది కోసి నూనెలో నానబెట్టాను. గొట్టం మీది నల్లపూతను మాత్రం నూనెగుడ్డతోనే తుడిచాను. పాత పిస్టల్ విలువంతా ఫ్యాక్టరీ వేసిన ఆ పూతలోనే ఉంటుంది. ఇలాంటివి సేకరించే ఒక విశాఖ ఆయన ఫొటోలు చూసి, దీనికి బదులుగా పోటీలకు పనికొచ్చే కొత్త పిస్టల్ ఇస్తానన్నాడు. నాకు జిల్లా పోటీల్లో కాల్చాలని కోరిక. కొనే స్తోమత లేదు.

దసరాకి నేను భోగాపురంలో డ్యూటీలో ఉండిపోయాను. పండగైన పది రోజులకి తిరిగొచ్చేసరికి పిస్టల్ దేవుడి గూట్లో ఉంది. బాబాయి దానికి తడి పసుపు, కుంకుమ పూసి, మీద కొబ్బరినీళ్లు చల్లాడు. తుడిస్తే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోయింది. కింద ఎర్రటి తుప్పు.

"ఇన్నాళ్లూ తడి మీదే వదిలేసినావా బాబాయ్?"

"ఏటిరా ఆ అరుపు? ఆయుదానికి దణ్ణం ఎట్టుకుంటే తప్పా?"

"నన్నొక మాట అడగాల కదా."

"నా పిస్తోలుకి నిన్నడగాలేటి?"

కొత్త ఫొటోలు చూసి విశాఖ ఆయన వద్దన్నాడు.

ఇంటికి చుట్టాలొస్తే బాబాయి ఇప్పటికీ దాన్ని తీసి చూపిస్తాడు. "బంగారంలాగుండీది. మావోడు ఇంజినీరింగు సదివి, ఇప్పదీసి పాడుసేసినాడు." వాళ్లు నన్ను జాలిగా చూస్తారు. దాని గురి ఇప్పటికీ తప్పదు, కానీ ఆ సంగతి ఎవరూ అడగరు.