గోల్‌పోస్టు దగ్గర అత్తగారు

ఐర్లండు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు ఈమధ్య తమ చరిత్రను పుస్తకంగా వేశారు. సింగపూర్‌లో ఆ క్లబ్బు ఎలా పుట్టింది, ఎవరెవరు ఆడారు, ఎక్కడెక్కడ ఓడారు, అన్నీ రాశారు. నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. కోడలు చదివి తెలుగులో చెప్పింది: "మొదటి రోజుల్లో గోల్‌పోస్టు దగ్గర ఒక ఇండియన్ ఆంటీ నిలబడేవారు." నిలబడడానికి నేనేమైనా కరెంటు స్తంభాన్నా? నేను అంపైర్ని. ఆ క్లబ్బు మొదటి గెలుపును చేతులారా చెరిపేసినదాన్ని. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వచ్చినవాటిని దాచుకుని ఏం చేసుకుంటాను? నా వంతు చరిత్ర నేనే రాస్తున్నాను.

నేను సింగపూర్ వెళ్ళింది మనవరాలిని చూసుకోవడానికి. బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తులో ఫ్లాటు. కొడుకు బ్యాంకులో, కోడలు సైన్స్ పార్క్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి కూర్చుంటాయని, అలా జరక్కుండా ముందే సరిచేసే పని వీళ్ళదని చెప్పారు. "నేను పుట్టిన తేదీ నాకే తెలీదు, నేను బతకలేదా?" అన్నాను. కోడలు నవ్వలేదు. ఆ రోజుల్లో దానికి నవ్వే తీరిక లేదు. పొద్దున్నే వెళ్ళేది, చీకటి పడ్డాక వచ్చేది, అన్నం కలుపుతూ కలుపుతూ గోడకేసి చూసేది.

దాని ఆఫీసులో పై ఉద్యోగి ఒక ఐర్లండు అమ్మాయి. మొహం నిండా గోధుమరంగు మచ్చలు, కాస్త ఎండ తగిలితే ఉడికిన రొయ్యలా అయ్యేది. ఆఫీసు పిక్నిక్‌లో మా కోడలు ఎగిరి ఒంటిచేత్తో బంతి పట్టుకోవడం ఆమె కంట్లో పడింది. పడదా మరి? మా కోడలు కాకినాడ కాలేజీలో త్రోబాల్ కెప్టెన్. "మా జట్టులో ఎనిమిదిమందే ఉన్నాం, తొమ్మిదో మనిషివి నువ్వు రా" అందట.

ఆ జట్టు పుట్టుక గురించి పుస్తకంలో రెండు పేజీలు రాశారు. నాకు తెలిసినంతలో విషయం రెండు ముక్కలు. అప్పటిదాకా వాళ్ళ మగవాళ్ళకే క్లబ్బు ఉండేది. మగవాళ్ళు ఆడుతుంటే ఆడవాళ్ళు గట్టున కూర్చుని నారింజకాయలు కోసేవారు. ఒక శనివారం ఈ మచ్చల అమ్మాయి కత్తి కింద పెట్టి, "ఇక మీరే కోసుకోండి" అని లేచింది. ఆమే కెప్టెన్ అయింది. మగవాళ్ళు విప్పి పారేసిన పాత జెర్సీలే వీళ్ళకు కొత్త జెర్సీలు. కోడలికి ఇచ్చినది మోకాళ్ళ దాకా వచ్చింది. కింద చుడీదార్ ప్యాంటు వేసుకుంటే పండగ డ్రెస్సులాగే ఉంది.

మావాడికి మాత్రం నచ్చలేదు. "అమ్మా, నువ్వైనా చెప్పవే. ఎండలో ఆ తెల్లవాళ్ళతో బంతాటేంటి? మనవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"బాగా ఆడితే బాగా ఆడింది అనుకుంటారు. ఆడకపోతే నీ పెళ్ళాం అనుకుంటారు."

అలా అన్నాను గానీ, ఆ ఆటేమిటో చూద్దామని తర్వాతి శనివారం నేనూ వెళ్ళాను. ఫుట్‌బాల్ అన్నారు కదా, తీరా చూస్తే చేతులతో పట్టుకుంటున్నారు. నాలుగడుగులు పరిగెత్తి బంతిని నేలకేసి కొడతారు, ఇంకో నాలుగు వేసి కాలితో తన్ని మళ్ళీ చేతిలోకే తెచ్చుకుంటారు. గోల్‌పోస్టు, మెట్లన్నీ ఊడిపోయి ఒక్కటే మిగిలిన నిచ్చెనలా ఉంటుంది. ఆ మెట్టు కింద నుంచి బంతి పోతే మూడు పాయింట్లు, పచ్చజెండా ఎత్తాలి. మెట్టు పైనుంచి, రెండు కర్రల మధ్యగా పోతే ఒకటి, తెల్లజెండా. కర్రల బయట నుంచి పోతే ఏమీ లేదు, రెండు చేతులూ బార్లా చాపాలి.

ఆ జెండాలు పట్టాల్సిన మనిషి ఆరోజు రాలేదు. కెప్టెన్ నా దగ్గరకొచ్చి కోడలిని ఏదో అడిగింది.

"అత్తయ్యకి ఈ ఆట తెలీదు" అని కోడలు నసిగింది.

"జెండాలు తెలుసు, ఇలా ఇమ్మను" అన్నాను.

మా ఆయన తుని దగ్గర రైల్వే గేట్‌మన్. ఆయనకు జ్వరం వచ్చిన రోజుల్లో మెయిలుకి పచ్చజెండా చూపించింది నేనే. కర్ర చేతిలో పడగానే నా నడుం దానంతటదే నిటారుగా అయింది.

అంపైర్ తెల్లకోటు వేసుకోవాలట. చీర మీద అదీ తగిలించారు. నేను కోడలిని కేకేయడం విని, షిప్‌యార్డులో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడొకడు కంచె దగ్గర ఆగాడు.

"డాక్టరమ్మా, నడుం పట్టేసిందమ్మా, ఏటి సేయమంటారు?"

"బరువులెత్తడం మానెయ్ బాబూ."

"మానేత్తే పంపించెత్తారు కదమ్మా."

నిజమే. ఇంటికెళ్ళి ఉప్పు కాపడం పెట్టుకోమన్నాను.

రిఫరీ ఒక ముసలాయన, ఐర్లండులో ఉత్తరం వైపువాడు. ఆయన ఏది చెప్పినా నేను "ఆయ్" అనేదాన్ని. గోదావరి జిల్లాలవాళ్ళం కదా, నోట్లోంచి అదే వస్తుంది. ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఔను అనడానికి "ఆయ్" అంటారట. సింగపూర్‌లో తన భాష మాట్లాడే మనిషి దొరికిందని సంబరపడ్డాడు. నేను దిద్దలేదు. మా దగ్గర "ఆయ్" అంటే ఔనూ కావచ్చు, వింటున్నానండీ కావచ్చు, ఉండండి చెప్తాననీ కావచ్చు. అంతా వివరించే ఇంగ్లీషు నాకు లేదు.

ఆ యేడు మావాళ్ళు ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోయారు. అయినా కోడలు శనివారం ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకునేది. నాతో పోట్లాడేది కూడా. వారమంతా గోడకేసి చూసే పిల్ల, పులుసులో ఉప్పెక్కువైందని నా మీద అరిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

అప్పుడు మగవాళ్ళ క్లబ్బు పెద్ద ఒక మెలిక పెట్టాడు. గ్రౌండు వాళ్ళది. ఆడవాళ్ళకు ఇచ్చింది శనివారం మిట్టమధ్యాహ్నం గంటన్నర. సీజను ముగిసేలోగా ఒక్క మ్యాచ్ గెలిస్తే ఆ గంటన్నర ఉంటుంది, లేకపోతే అదీ మగవాళ్ళ రెండో జట్టుకు పోతుంది. గ్రౌండు లేకపోతే క్లబ్బు లేనట్టే. మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్, పక్కదేశం నుంచి వచ్చిన జట్టుతో.

ఆ మ్యాచ్ చివరి నిమిషానికి పాయింట్లు సమానంగా ఉన్నాయి. బంతి మా కోడలి చేతికొచ్చింది. ఇద్దరిని తప్పించుకుని, జెర్సీ గాలికి ఎగురుతుంటే, ఒక్క తన్ను తన్నింది. బంతి నా నెత్తి మీదుగా, కర్ర కన్నా ఎత్తున పోయింది. నేను కర్ర కిందే నిలబడి పైకి చూస్తున్నాను. జానెడు బయట నుంచి పోయింది.

రిఫరీ కంట్లో ఎండ. దూరం నుంచి ఏదో అరిచి అడిగాడు. "ఆయ్..." అన్నాను. ఉండండి చెప్తాను అని.

ఆయన ఈల ఊదేశాడు.

మావాళ్ళు కోడలిని భుజాలకెత్తుకున్నారు. కెప్టెన్ ఏడుస్తోంది. ఆటంటే ఇష్టంలేని మావాడు, మనవరాలిని ఎత్తుకుని గట్టున గంతులు వేస్తున్నాడు. తెల్లజెండా ఇంకా నా కాళ్ళ దగ్గరే ఉంది. అవతలి జట్టు గోలు కాసే అమ్మాయి నావంకే చూస్తోంది. ఆమె కూడా చూసింది.

ఒకసారి మా ఆయన పట్టాల మీద గేదె ఉందని చూసుకోకుండా పచ్చజెండా చూపించాడు. పోయింది గేదే. అయినా మూడురోజులు ఆయనకు అన్నం సయించలేదు. మనిషి కూడా కావచ్చుగా అని అదే మాట. నేను నడుచుకుంటూ గ్రౌండు మధ్యకు వెళ్ళి రెండు చేతులూ బార్లా చాపాను.

అందరూ ఆగిపోయారు. రిఫరీ పరిగెత్తుకొచ్చాడు. "యూ సెడ్ ఆయ్!"

"ఆయ్ నో ఎస్!" అన్నాను. "మై ఆయ్, వెయిట్!"

ఆయనకు అర్థంకాలేదు. కోడలు భుజాల మీద నుంచే అరిచింది. "అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"బయట పోయిందే. జానెడు."

"నిజం చెప్పండి!"

"నిజమే చెప్తున్నా. అదేగా నా ఏడుపు."

దానిని మెల్లగా కిందికి దించారు. మ్యాచ్ సమానం. సమానం అంటే గెలుపు కాదన్నాడు మగవాళ్ళ పెద్ద. గ్రౌండు పోయింది.

బస్సులో కోడలు కిటికీ వైపు కూర్చుంది. మావాడు నా చెవిలో, "ఒక్క పాయింటు ఇస్తే నీ సొమ్మేం పోయేదమ్మా?" అన్నాడు. సోమవారానికి ఊరికి అవతల హౌగాంగ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళ దాకా కబురు పాకింది. ఒకావిడ పనిగట్టుకుని ఫోన్ చేసింది. "ఏమండీ పిన్నిగారూ, కోడలి పాయింటు కొట్టేశారట? మా అత్తగారు నయం, వంటింటి వరకే."

కోడలు ఒక్కటే మాటంది, బుధవారం, కంచం ముందు కూర్చుని. "అక్కడ మీరు అంపైర్‌గా నిలబడలేదు. అత్తగారిగా నిలబడ్డారు." మర్నాడు పులుసులో కావాలని ఉప్పెక్కువ వేశాను. తినేసి గోడకేసి చూసింది.

ఆ చూపు నేను భరించలేకపోయాను. నేను చేసింది తప్పు కాదు. కానీ గ్రౌండు పోగొట్టింది మాత్రం నేనే.

మా బ్లాకు వెనక ఖాళీ మైదానం ఒకటి ఉంది. అద్దె లేదు, అడిగేవాళ్ళూ లేరు. కాకపోతే సాయంత్రాలు చైనా ముసలమ్మలు విసనకర్రలు పట్టుకుని అక్కడ వ్యాయామం చేస్తారు. ఈ ఊళ్ళో హాకర్ సెంటర్‌కి తిండికి వెళ్తే ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెడతారు. దాన్ని "చోప్" చేయడం అంటారు. ప్యాకెట్ పెట్టిన బల్ల జోలికి ఎవరూ రారు. శనివారం మూడింటికి నేను కింద కొట్లో ఇరవై ప్యాకెట్లు తెచ్చి, మైదానం చుట్టూ పదేసి అడుగులకొకటి పెట్టి, ఒక చివర స్టూలు వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చున్నాను.

ముసలమ్మలు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆంటీ, టేబుల్ కెన్ చోప్. ఫీల్డ్ హౌ టు చోప్, లా?"

"సేమ్ సేమ్. బిగ్ టేబుల్."

"హూ కమింగ్?"

"మై డాటర్ ఇన్ లా. ప్లే ఫుట్‌బాల్."

"వా! యూ చోప్ ఫర్ డాటర్ ఇన్ లా? గుడ్ మదర్ ఇన్ లా!"

"నో, నో. వెరీ బ్యాడ్. దట్స్ వై."

ఆవిడ తన వాళ్ళవైపు తిరిగి చైనా భాషలో ఏదో అంది. అందరూ విసనకర్రలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మెట్లవైపు సగం వాళ్ళకు, ఈవైపు సగం మాకు. ప్యాకెట్లు జరిపి హద్దు కూడా ఆవిడే పెట్టించింది.

కెప్టెన్‌కి అంతకుముందే ఫోన్ చేశాను. అంకెలు చదవడం వచ్చు కదా. "ఫీల్డ్ గాట్. యూ కమ్. బ్రింగ్ బాల్. బ్రింగ్ మై కోడలు" అన్నాను. కోడలు అంటే ఎవరో ఆమెకు బాగానే తెలిసినట్టుంది, సైన్స్ పార్క్‌లో సెలవు రోజు కూడా పనిచేస్తున్న దాన్ని కారులో వేసుకుని వచ్చింది. వెనకే మిగతావాళ్ళు టాక్సీల్లో దిగారు.

కోడలు ఆఫీసు బట్టల్లోనే మైదానంలోకి వచ్చింది. ప్యాకెట్ల వరస చూసింది. విసనకర్రల ముసలమ్మలను చూసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నేరుగా నా స్టూలు దగ్గరకొచ్చి ఆగింది.

"అత్తయ్యా, కాస్త లేచి పక్కకి జరగండి. గోలు రావాల్సింది మీరు కూర్చున్న చోటే."

లేచి జరిగాను.