ఏడో ప్రశ్నకు జతచేసిన తెల్లకాగితం

మా మేనకోడలిని ఇంట్లో అందరూ మడత అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. మెచ్చుకుని కాదు, విసుగెత్తి. దానికప్పుడు ఆరేళ్లు. జ్వరమొస్తే మందుల షాపాయన పొడి మందును చిన్న చిన్న కాగితపు పొట్లాలు కట్టి ఇచ్చాడు. మా అక్క ఒక పొట్లం విప్పి మందు వేసింది. పిల్ల ఆ చేదు మింగి, ముఖం చిట్లించి, ఖాళీ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. జిగురు లేదు, దారం లేదు, మరి ఇంతసేపూ ఊడకుండా ఎలా ఉందన్నది దాని ఆరాటం. ఒళ్లు కాలిపోతున్నా మధ్యాహ్నం దాకా ఆ కాగితంతోనే కుస్తీ పట్టి, మొత్తానికి పొట్లం కట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. మిగతా అయిదూ విప్పి మళ్లీ కట్టి చూసుకుంది. సాయంత్రం మందు వేయబోతే రెండింట్లో పొడి లేదు, దుప్పటి నిండా ఉంది. "ఏమే మడతా, మందేదే?" అని కసిరాను. పేరు అలా అతుక్కుపోయింది.

నేను పుస్తకాల బైండర్ని. నాకు ముక్కు మీద కోపమని అంటారు, ఉన్నమాటే. ఇంటి ముందు గదే నా షాపు. ఒక కటింగ్ మిషను, రెండు పొడవాటి బల్లలు, ఓ మూల జిగురు కుండ, గోడ పొడుగునా కాగితం షీట్లు. అక్క ఆసుపత్రిలో నర్సు, బావ సరుకుల వ్యాను నడుపుతాడు. అందుకని బడి వదిలాక పిల్ల నా షాపుకే వచ్చేది. బల్ల కింద కూర్చుని, కటింగ్‌లో రాలిన ముక్కలు ఏరుకుని మడిచేది. మా ఇద్దరికీ ఒకటే ఒప్పందం: ముక్కలు నీవి, షీట్లు నావి. ఆ ఒప్పందాన్ని అది ఎన్నడూ మీరలేదు. నేనూ ఎన్నడూ సడలించలేదు.

నేను దానికి నేర్పింది ఒక్కటే. కాగితానికి వాటం ఉంటుందని, అంటే దాని పీచు నడిచే దిక్కు. వాటం వెంట మడిస్తే చెప్పినమాట విన్నట్టు తిరుగుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేసి పగుళ్లు పడుతుంది. ముక్కను చేతిలో మెల్లగా వంచి చూస్తే ఎటు వాటమో తెలిసిపోతుంది. ఈ సంగతి నాకు పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది. అది వారంలో పట్టేసింది. ఆ తర్వాత దాని చేతిలోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ ముందు వంచి చూడటం అలవాటైపోయింది, చివరికి వాళ్ల బడి ప్రోగ్రెస్ కార్డును కూడా.

ఓసారి బస్సులో టికెట్లు తనిఖీ చేసే ఆయన ఎక్కాడు. పిల్లను టికెట్ అడిగితే కప్పను ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నా వంక చూసి, విప్పి, నంబరు చూసుకుని, తిరిగి కప్పను చేసి ఇద్దామని నాలుగు స్టాపుల దాకా ప్రయత్నించాడు. ఆ పూట బస్సులో మిగతా ఎవర్నీ టికెట్ అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "ఈ ఆటలు ఇంట్లో కట్టిపెట్టు" అన్నాను.

"ఆట కాదు మామయ్యా" అంది.

"మరేంటే?"

దానికి జవాబు తెలియలేదు. పదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

పదమూడో ఏట లైబ్రరీలో ఒక పుస్తకం దొరికాకే దాన్ని ఒరిగామి అంటారనీ, లోకంలో ఇంకా చాలామంది ఇదే పనిలో ఉన్నారనీ దానికి తెలిసింది. ఆ పుస్తకంలో ఆరు కాళ్ల పురుగొకటి ఉంది. కత్తెర తాకకుండా, ఒక్కటే చదరపు కాగితంతో చేయాలి. నాలుగు నెలలు పట్టింది. నలభై సార్లు పాడైంది. పాడైన ప్రతిదాని మీదా పెన్సిలుతో తేదీ వేసి, ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క రాసి, నా పాత అట్టపెట్టెలో వరసగా పెట్టుకుంది. మనుషులు తమ తప్పుల్ని అంత శుభ్రంగా దాచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నలభై ఒకటోది ఆరు కాళ్ల మీదా నిలబడింది. నాకు ముచ్చటేసింది. అయినా పైకి అనలేదు. "బాగుంది, ఇక ఆట చాలించి లెక్కలు చేసుకో" అన్నాను. నా నోటికి ఆ మాట అంత అలవాటైపోయింది.

పెద్దదై పాలిటెక్నిక్‌లో సివిల్ చేరింది. చివరి సంవత్సరం పరీక్షలు రాసొచ్చిన నెలకు కాలేజీ నుంచి నోటీసు వచ్చింది. జవాబు పత్రంలో అనుమానాస్పదమైన గుర్తులు ఉన్నాయట, విచారణకు సంరక్షకుడితో సహా రావాలట. నేరం రుజువైతే ఆ ఏడాది పరీక్షలన్నీ రద్దు, మరో ఏడాది రాయనివ్వరు.

"ఏం చేశావే?" అన్నాను.

"ఏడో ప్రశ్న మామయ్యా. మధ్యలో స్తంభాలు లేకుండా ఒక హాలుకి పైకప్పు వేయాలి, బొమ్మ గీసి వివరించమన్నాడు. నాకు గీస్తే అర్థం కాదు, మడిస్తేనే అర్థమవుతుంది. అడిషనల్ షీటు ఒకటి తీసుకుని కప్పు మడిచి చూసుకున్నాను. తర్వాత విప్పి, సాపు చేసి, పేపర్‌కి కట్టేశాను."

"కట్టడమెందుకు? పారేయొచ్చుగా?"

"రఫ్ వర్క్ చేసిన కాగితం తప్పకుండా జత చేయాలని ముందు పేజీలోనే రాసుంది కదా."

అదీ సంగతి. అక్షరం ముక్క లేని తెల్లకాగితం, దాని నిండా గళ్లు గళ్లుగా మడతలు. పేపర్ దిద్దే ఆయనకు అది తనకో, మరెవరికో పంపిన సైగలా కనిపించింది. జవాబు పత్రం మీద ఎలాంటి గుర్తూ ఉండకూడదని కూడా అదే ముందు పేజీలో ఉంది. ఒక నిబంధన పాటించినందుకు ఇంకో నిబంధన కింద దొరికిపోయింది. ఇలాంటి తప్పు ఈ భూమ్మీద మా మడత ఒక్కతే చేయగలదు.

అక్కకు డ్యూటీ, బావ లోడు మీద వెళ్లాడు. విచారణకు నేనే వెంటవెళ్లాను. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే కాలేజీ గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు. మంచివాడే పాపం.

"సార్, వాదనలు పెట్టుకోకండి. తోచక కూర్చుని కాగితంతో ఆడుకుందని, క్షమించమని ఒక లెటర్ రాసివ్వండి. హెచ్చరించి వదిలేస్తారు."

అప్పటికప్పుడు రాశాను. రాయడం కష్టం కాలేదు, ఏళ్ల తరబడి నేనంటున్న మాటే కదా. తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను. చదివి తిరిగి ఇచ్చేసింది.

"నేను సంతకం పెట్టను మామయ్యా."

"ఒక్క సంతకంతో ఏడాది నిలబడుతుందే."

"ఆడుకున్నానని రాశారు. నేను ఆడుకోలేదు, ఆలోచించాను."

"వాళ్లకి ఆ తేడా ఏం పడుతుంది?"

"మీకూ పట్టదా?" అని మాత్రం అంది.

అది నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు, సంరక్షకుడి సంతకం నేనే పెట్టి ఆ ఉత్తరం గుమాస్తాకు ఇచ్చేశాను. భయపడి ఇచ్చాను. దాని మేలు కోసమేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

లోపల ఇద్దరున్నారు. విచారణకు పెద్దగా కూర్చున్నావిడ కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్, పక్కనున్నది పేపర్ దిద్దినాయన. బల్ల మీద పిల్ల జవాబు పత్రం, దానికి కట్టిన తెల్లకాగితం.

"ఈ గీతలకు అర్థమేంటి?" అన్నాడాయన.

"గీతలు కావు సార్, మడతలు. అది ఏడో ప్రశ్నకు రఫ్ వర్క్. చూపించమంటారా?"

మేడమ్ తలూపింది. దారం విప్పి కాగితం ఇచ్చారు. పిల్ల దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ మెల్లగా వంచి చూసింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత రెండు చివరలా పట్టుకుని వేళ్లతో లోపలికి నొక్కుతూ పోయింది. కొత్తగా ఒక్క మడత కూడా వేయలేదు. నెల క్రితం వేసినవే ఒకదాని వెంట ఒకటి లేచి, కాగితం కాస్తా పక్కపక్కనే గట్లు పోసిన మడిలా తయారైంది. రెండు వైపులా రెండు ఫైళ్ల దొంతరలు పెట్టి, దాన్ని వాటి మధ్య పరిచింది. కింద ఏ ఆధారమూ లేదు. దాని మీద పెన్నుల స్టాండు పెట్టింది. నిలిచింది. ఆయన ముందుకు వంగి తన కళ్లజోడు డబ్బా పెట్టాడు. నిలిచింది. మేడమ్ కాసేపు చూసి, ఎదురుగా ఉన్న నిబంధనల పుస్తకం తీసి అన్నిటి పైనా పెట్టింది. కాగితం కాస్త కుంగి ఆగింది.

"బొమ్మతో పోల్చి చూడండి సార్" అంది పిల్ల.

ఆయన జవాబు పత్రంలో ఏడో ప్రశ్న తీశాడు. బొమ్మలో గట్లు లెక్కపెట్టాడు, పదకొండు. కాగితం మీద లెక్కపెట్టాడు, పదకొండు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

అప్పుడు మేడమ్ ఫైల్లోంచి నా ఉత్తరం తీసింది.

"మరి ఇందులో తోచక ఆడుకుందని ఉందేం? మీ సంతకమేగా ఇది?"

పిల్ల నా వైపు తిరిగింది. కోపంగా చూసినా బాగుండేది. టికెట్ అడిగితే కప్పను ఇచ్చిన నాడు, ఆట కాదు మామయ్యా అన్నప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది. నాకు సిగ్గేసింది. ఆ గదిలో ఉన్నవాళ్లలో దాని చేతుల్ని ఆరో ఏటి నుంచి చూసినవాణ్ని నేనొక్కణ్నే. దాని మీద అబద్ధం రాసిచ్చిందీ నేనొక్కణ్నే.

లేచి నిలబడ్డాను. "సంతకం నాదేనండి. రాసింది తప్పు. ఏడాది పోతుందని భయపడి రాశాను. ముప్పై ఏళ్లుగా నేను కాగితం మడిచి బతుకుతున్నానండి. ఊరికే మడిస్తే మడత ఎలా ఉంటుందో, తెలిసి మడిస్తే ఎలా ఉంటుందో చూస్తే చెప్పగలను. ఈ కాగితంలో వృథాగా వేసిన మడత ఒక్కటి కూడా లేదు. ఇది ఆట కాదు. దాని పని ఇదే."

మేడమ్ ఉత్తరాన్ని నాకు తిరిగి ఇచ్చేసింది. కాగితాన్ని మళ్లీ పత్రానికి జత చేయాలి కాబట్టి పిల్ల దాన్ని విప్పి, అరచేత్తో సాపు చేసి ఇచ్చింది. కట్టే ముందు ఆయన ఇంకోసారి నొక్కి లేపబోయాడు. ఆయన వల్ల కాలేదు.

పన్నెండో రోజున ఫలితం విడుదలైంది, పాసైంది. ఏడో ప్రశ్నకు ఎన్ని మార్కులు పడ్డాయో మాకు తెలియదు. తెలుసుకోవాలని అది అడగనూ లేదు.

ఆ సాయంత్రం షాపుకు వచ్చి ఎప్పట్లాగే కటింగ్ మిషను కింద ముక్కల కోసం వంగింది. ఆగమన్నాను. గోడ వారగా ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచి షీటు, అట్ట లోపలి వైపు అంటించే దళసరి కాగితం, మడత లేకుండా రెండు చేతులతో తీసి బల్ల మీద పరిచాను.

"ఎవరి ఆర్డర్ మామయ్యా?" అంది.

"నీదే. పని చేసుకో."

చాలాసేపు దాన్ని తాకకుండా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఒక మూల పట్టుకుని మెల్లగా వంచి, వాటం చూసుకుంది.