రోడ్డెక్కిన జొన్నరొట్టె

ఈ రోజు తెలంగాణ కోసం జనగామ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. మా బాపుకు షుగర్. జొన్నరొట్టె, ఆకుకూర తింటే అదుపులో ఉంటుందని డాక్టర్ ఎంత చెప్పినా ఇంట్లో ముట్టడు. "లేనప్పుడు తిన్నది సాలదా?" అంటూ తెల్లన్నమే పెట్టమంటాడు. అలాంటి మనిషి ఇవాళ నడిరోడ్డు మీద కూర్చుని, పుంటికూరతో, అదే గోంగూరతో, రొట్టె మీద రొట్టె లాగించేశాడు.

"మరి ఇంట్ల ఎందుకు తినవు బాపూ?" అన్నాను.

"గిది తెలంగాణ రొట్టె బిడ్డా! రాష్ట్రం వచ్చేదాంక రోజూ గిదే తింట!" అన్నాడు మీసం తుడుచుకుంటూ.

పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న అమ్మ నా చెవిలో మెల్లగా అంది: "అయితే రాష్ట్రం జర ఆలిశంగనే రానియ్యి."

ఉద్యమంలో ఉన్నవాణ్ణి. అమ్మ మీద ఏ చర్య తీసుకోవాలో మీరే చెప్పండి!