డప్పులకు దాక్కున్న నీటికుక్కలు

ఈసారి పసుపు అమ్ముడుపోయాక ఒక్క రోజు నాకోసం ఉంచుకున్నాను. శ్రీరాంసాగర్‌లో చేపలు పట్టి తినే నీటికుక్కలున్నాయని, ఆర్మూర్‌లో చేపలమ్మే గంగారాం ఏళ్లుగా చెబుతున్నాడు. ఇంత దగ్గర బతికి ఒక్కసారీ చూడలేదు. పైగా ఆ రోజే పరదేశం నుంచి ఒకామె వస్తోందట. నీటికుక్కలు వల చింపితే కొత్త వల ఇచ్చేది వాళ్ల దేశం సాయంతోనే. అందుకే బెస్తవాళ్లు వాటిని చంపడం మానారు. అవి ఆమె కంటపడితేనే సాయం కొనసాగుతుందట.

పొద్దున ఐదున్నరకు ఆర్మూర్‌లో బస్సెక్కి బాల్కొండలో దిగాను. అక్కడి నుంచి మెండోరకు ఆటో, ముప్పై రూపాయలు. "కుక్కలను చూడ గింత పొద్దుగాల్నా తాతా? మా గల్లీల మస్తున్నయి!" అన్నాడు డ్రైవరు. నవ్వాను.

ఏడింటికి ఒడ్డు చేరేసరికి డప్పుల మోత. ఆ పరదేశపామె మెడలో పూలదండతో నిలబడి ఉంది. నీళ్లలో ఒక్క నీటికుక్క తలా లేదు.

గంగారాం నెత్తి పట్టుకున్నాడు. "డప్పులెవడు తెమ్మన్నడ్రా? అన్నీ దాసుకున్నయి!"

"ఊరికొచ్చిన మనిషిని ఉత్తగ పిలుస్తమా కాకా?" అన్నాడు డప్పాయన.

"కనబడకుంటే వలలు బంద్. మనోళ్లు మల్ల ఉచ్చులు పెడ్తరు పటేలా," అని గంగారాం నా చెవిలో అన్నాడు.

గుంపంటే నాకు జంకు. దూరంగా పోయి తుమ్మచెట్ల వెనక రాయి మీద కూర్చున్నాను. కాళ్ల ముందు బురదలో చేప పొలుసులు, తడి ఆరని అడుగుజాడలు! అంతలో నీళ్లు కదిలాయి. ఒకటి, రెండు, నాలుగు తలలు! తల్లి చేపను కరుచుకుని ఒడ్డెక్కింది. పిల్లలు ఆ చేప మీద పడ్డాయి. అరిస్తే పోతాయి. పసుపంటిన తువ్వాలను ఎత్తి ఊపాను.

గంగారాం చూశాడు. డప్పులు ఆపించి, చెప్పులు చేతబట్టించి ఆమెను తెచ్చాడు. ఆమె నా పక్కనే రాయి మీద కూర్చుంది. చూస్తూ చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కండ్లార చూసిన, మా దేశానికి గట్లనే రాస్తనంటుంది," అని వెంట వచ్చిన అమ్మాయి ఆమె మాటను తెలుగులో చెప్పింది.

గంగారాం నా వీపు చరిచాడు. "జిందగీల నోరు తెరువకపోతివి పటేలా. ఇయ్యాల గదే మా వలలను కాపాడింది!"

బస్సులో అదే తలచుకున్నాను. ఎక్కడివాళ్లో మన నీళ్లలోని జీవి కోసం వలలు పంపుతున్నారు. మనం చేయవలసింది కాసేపు ఊరుకోవడమే. మీరూ వెళ్లండి. తొలి బస్సెక్కండి, తుమ్మల పక్కన కూర్చోండి, ఫోను మోగకుండా చూసుకోండి.